ఆర్మూరు నుంచి అక్షరాలు పంపిన రోజులు

ఈమధ్య మా పాత ఆఫీసు వాళ్లు, కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఒక అమ్మాయి నా పక్కనే కూర్చుని కంప్యూటర్లో ఒక్క వరుస టైపు చేసింది. ఎక్కడో ఎవరో రాసిన లైబ్రరీ, అంటే ఎవరి ప్రోగ్రాములోనైనా కలుపుకోగల కోడ్ మూట, దానికి కావలసిన మరికొన్ని లైబ్రరీలు, అన్నీ వరసగా దిగి కూర్చున్నాయి. ఆమె అప్పటికే టీ కప్పు అందుకుంటోంది. "అదేంటి మేడం, అలా చూస్తున్నారు? రోజూ చేసేదేగా" అంది.

ఉద్యోగం చేసినంత కాలం నేను చేసింది ఈ పనే. ఒకరు రాసిన కోడ్‌ను మూట కట్టి, ముక్కూ మొహం తెలియని మరొకరి ప్రోగ్రాములో సరిగ్గా కూర్చునేలా పంపడం. అయినా ఆ వరుస కదులుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జలదరించని వాళ్లు ఈ పనికి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పిలిచి టీ ఇచ్చిన చోట ఆ మాట అనడం బాగుండదని ఊరుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి, జీతాల సంగతి రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు నిద్ర వస్తుంది. నాకు పని నేర్పిన ఊరి గురించి, అక్కడి ఒక మనిషి గురించి రాస్తాను.

టైపు మిషన్ల మధ్య ఒక కంప్యూటరు

మాది వేల్పూర్. పసుపు పండించే ఇల్లు. నిజామాబాద్‌లో డిగ్రీ, హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఎనభైల చివర్లో ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చి కూర్చున్నాను. అప్పుడే ఆర్మూరులో మొయినుద్దీన్ సార్ కంప్యూటరు కొన్నారని తెలిసింది.

సార్‌ది టైపు ఇన్‌స్టిట్యూట్. రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం మీద మేడలో నడిచేది. సీజన్‌లో కింద బస్తాలు కుమ్మరిస్తుంటే మెట్లన్నీ పచ్చగా అయ్యేవి, మా చెప్పులు కూడా. చుట్టుపక్కల ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. అలాంటి మనిషి యాభై దాటాక కంప్యూటరు కొని, పుస్తకం ముందేసుకుని సి భాష నేర్చుకోవడం మొదలుపెట్టేసరికి బజారంతా నవ్వింది. నేను వెళ్లిన రోజు ఆయన గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గడులు నింపుతున్నారు.

"ఇదేంది సార్?" అన్నాను.

"క. ఇంక నున్నగ రాలె. గీ ప్రింటర్‌కు ఇంగ్లీష్ తప్ప ఏం రాదు బేటీ. మనూల్ల మనిషి చదువుకునేటట్టు ఒక్క చిట్టీ కూడ కొట్టదు. దీనికి తెలుగు నేర్పకపోతె నేను గింత పెట్టి కొని ఏం ఫాయిదా?"

అప్పటి ప్రింటర్లో చిన్న చిన్న సూదులుండేవి. అవి రిబ్బను మీద కొడితే కాగితం మీద చుక్కలు పడేవి. ఏ సూది ఎప్పుడు కొట్టాలో చెప్పగలిగితే ఏ బొమ్మైనా వస్తుంది. సార్ తెలుగు అక్షరాలన్నిటినీ అలా చుక్కలుగా విడగొట్టారు. ఒక్కో గడి నింపి, ప్రింటు తీసి, కిటికీ దగ్గర పట్టుకుని చూసి, చెరిపి మళ్లీ నింపేవారు. వత్తులైతే నేరుగా తెర మీదే దిద్దేవారు.

నిజం చెప్పాలంటే ప్రోగ్రామర్‌గా సార్ అంతంత మాత్రమే. రెండు వరుసల్లో అయ్యే పనికి ఇరవై రాసేవారు. ఫంక్షన్లకు పేర్లు కూడా తన ఇంటి భాషలోనే పెట్టారు. అక్షరం ముద్రించేదానికి "లిఖో", వరుస చెరిపేదానికి "హటావో". నేను ఆయన దగ్గరే పనికి చేరి కోడ్‌ను సర్దాను, పొదుపు చేశాను, ఇతరులూ వాడుకునేలా లైబ్రరీగా కట్టాను. పేర్ల జోలికి మాత్రం పోలేదు. తరవాత మా లైబ్రరీ వాడిన ప్రతి ప్రోగ్రామరూ, ఉర్దూ ముక్క రానివాళ్లు కూడా, తమ ప్రోగ్రాముల నిండా లిఖో, లిఖో అని రాసుకున్నారు.

మూట కట్టడం

లైబ్రరీ అంటే దానంతట అది ఏమీ చేయదు. ఇంకొకరి ప్రోగ్రాములో చేరితేనే దానికి ప్రాణం. అందుకే పంపేవాడికి తన కంప్యూటరు కంటే అవతలివాడి కంప్యూటరు మీద ధ్యాస ఎక్కువ ఉండాలి. అవతలివాళ్ల ప్రోగ్రాము చిన్నదైతే ఒక రకంగా, పెద్దదైతే ఇంకో రకంగా లైబ్రరీని తయారు చేయాలి. అన్ని రకాలూ ఒక ఫ్లాపీలో పట్టాలి. దానితోపాటు "నమస్కారం" అని కొట్టే చిన్న నమూనా ప్రోగ్రాము ఒకటి. అది పలికితే మిగతాదంతా పలుకుతుందని ధైర్యం. ఫ్లాపీకి రెండు వైపులా అట్టలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బస్టాండులో కండక్టరు చేతికిచ్చేదాన్ని. అవతలి ఊళ్లో మనిషి బస్సుకు ఎదురొచ్చి తీసుకునేవాడు.

నవీపేట్ రైస్ మిల్లులో కంప్యూటరు చూసుకునే రాజేశ్వర్‌కు అలాగే ఒకటి పంపాం. రెండో రోజు ఫోను. "మేడం, ఫ్లాపీ లోపలికి పోయింది గని చదువుతలేదు." ఏం చేశావయ్యా అంటే చెప్పడు. చివరికి నేనే బస్సెక్కి పోయి చూశాను. కొత్త సరుకు వచ్చిందని మిల్లు సేటు దానికి పూజ చేసి, పసుపు కుంకుమలు తడిపి బొట్టు పెట్టాడు. సరిగ్గా ఫ్లాపీ చదివే సందులో!

తిరిగొచ్చి చెబితే సార్ కుర్చీలో వెనక్కి పడి నవ్వారు. ఆ తరవాత మా సూచనల కాగితంలో మొదటి మాట అదే అయింది. ఫ్లాపీకి బొట్టు పెట్టరాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకసారి నిజామాబాద్ నుంచి బస్సులో వస్తుంటే, నా పక్కన కంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దామె కూర్చుంది. చేతిలో దవాఖాన చిట్టీ. ఆమె కూతురు కూడబలుక్కుంటూ చదువుతోంది. "పొద్దున రెండు చుక్కలు. భోజనం తర్వాత ఒక గోలీ." నేను తొంగిచూశాను. మా అక్షరాలే! ఆ దవాఖాన వాళ్లకు మేము లైబ్రరీ ఇచ్చింది నిజమే గానీ, వాళ్లు దానితో ఏం చేస్తారో మాకు తెలీదు. అడ్తి దుకాణం మీద మేడలో, గ్రాఫ్ కాగితం మీద పుట్టిన చుక్కలు ఒక ముసలమ్మకు ఎప్పుడు గోలీ వేసుకోవాలో చెబుతున్నాయి. ఆమె ఎవరో మాకు తెలియదు, మేమెవరమో ఆమెకు తెలియదు. గుండె నిండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాలనిపించింది గానీ, ఏమని చెప్పను?

సార్‌కు చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "భ మంచిగ చదివిందా?"

"చదివింది సార్."

"తడుముకున్నదా?"

"జర తడుముకున్నది."

సార్ మొహం చిన్నబోయింది. భ అక్షరం ఆయనకు లొంగలేదు. అన్ని తక్కువ చుక్కల్లో దాని కింది గీత పైదాంతో కలిసిపోయి, చూడ్డానికి బ లాగే ఉండేది. ఎన్నిసార్లు దిద్దినా అంతే. అప్పటికే సార్‌కు షుగర్ కళ్ల మీదికొస్తోంది. గడులు అలికినట్టు కనబడుతున్నాయని అనేవారు.

ఉడికిన పసుపు, పచ్చి పసుపు

ఈ పనిలో నేను పెద్దగా పోట్లాడింది ఒక్క విషయం మీదే. ప్యాకెట్లో సోర్స్ పెట్టాలా, వద్దా?

కొత్తవాళ్ల కోసం చెబుతాను. మనిషి రాసేది సోర్స్. దాన్ని కంపైల్ చేస్తే యంత్రానికి అర్థమయ్యే ముద్ద తయారవుతుంది. వాడుకోవడానికి ఆ ముద్ద చాలు. కానీ దాన్ని విప్పి మార్చడం కుదరదు. హైదరాబాద్‌లో నాకు చెప్పిన చదువు ప్రకారం సోర్స్ ఎవరికీ ఇవ్వకూడదు. ఇస్తే ఎవడు పడితే వాడు కాపీ కొట్టి తనదంటాడు.

సార్ వినలేదు. "మీ నాయిన వేల్పూర్ల విత్తనం ఇచ్చేటప్పుడు ఉడకబెట్టి ఇస్తడా?" అన్నారు.

పసుపు తవ్వాక అమ్మేదాన్ని కడాయిల్లో ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టి మార్కెట్‌కు తెస్తాం. విత్తనానికి ఉంచినదాన్ని మాత్రం ఉడకబెట్టకుండా నీడన కుప్పపోసి ఆకు కప్పుతాం. ఉడికిన కొమ్ము ఎంత బంగారంలా మెరిసినా మొలకెత్తదు. ఇది మా ఇళ్లల్లో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు.

"పసుపు వేరు, ప్రోగ్రాం వేరు సార్" అన్నాను.

"ఏం వేరు లేదు. ఉడికింది వంటకు, పచ్చిది పొలానికి. రెండు పెట్టు. ఎవరికేది కావాల్నో వాళ్లే తీస్కుంటరు."

మాలిక్ ఆయన. పెట్టాను, కానీ మూతి ముడుచుకుని పెట్టాను. నేను భయపడినట్టే జరిగింది కూడా. నిజామాబాద్‌లో ఒకాయన సార్ పేరు తీసేసి, తన పేరు పెట్టుకుని, మా అక్షరాలతోనే దుకాణం తెరిచాడు. నేను మండిపోయాను. సార్ చాయ్ చప్పరిస్తూ, "అక్షరాలు నేను పుట్టిచ్చిన్నా ఏంది? గీసిన, గంతె" అన్నారు. అంత నిమ్మళంగా ఎలా ఉంటారో నాకు అర్థమయ్యేది కాదు.

డబ్బాలో కొమ్ములు

ఒక వానాకాలం, ఉరుముల మధ్య కరెంటు పోయి వచ్చింది. ఆ రావడంలో మా కంప్యూటరు హార్డ్ డిస్కు కాలిపోయింది. మేము పెద్దగా కంగారు పడలేదు. అసలు ప్రతులన్నీ ఫ్లాపీల మీద, రేకు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. కొత్త డిస్కు తెప్పించి, డబ్బా తెరిచాం.

మా వైపు ఏ పెట్టె మూసినా అందులో రెండు పసుపు కొమ్ములు వేస్తారు. బట్టల ట్రంకులో, బియ్యం డబ్బాలో, అన్నిట్లో. పురుగు పట్టదని నమ్మకం. సార్ ఫ్లాపీల డబ్బాలో కూడా గుప్పెడు వేశారు. "బూజు రాదు బేటీ" అంటే నేనూ సరేనన్నాను. రోజూ ఆ డబ్బా సార్ ఇంటికీ ఇన్‌స్టిట్యూట్‌కూ స్కూటరు మీద తిరిగేది. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని, పైపొట్టు రాలి, సన్నని పొడి ప్రతి ఫ్లాపీ సందులోకీ దిగింది. నవీపేట్ సేటు బొట్టు పెట్టాడని పడీ పడీ నవ్విన మేమే!

మొదటి ఫ్లాపీ పెడితే గరగరమని చప్పుడైంది, చదవలేదు. పోనీ అని రెండోది పెట్టాను. అదీ అంతే. వరసగా పెట్టుకుంటూ పోయాను. మొదటిదాని పొడి చదివే ముల్లుకు అంటుకుని, ఆ తరవాత పెట్టినదాన్నల్లా గీరేస్తోందని మాకు తట్టలేదు. ముందు అర్థమైంది సార్‌కే. యంత్రం మీద చెయ్యి పెట్టి, "ఆపు బేటీ, ఆపు" అన్నారు. అప్పటికి మిగిలిందేమీ లేదు. పాత గ్రాఫ్ కాగితాలు అంతకుముందే చెదలు తినేశాయి. ఉన్నా లాభం లేదు, వత్తులన్నీ తెర మీద దిద్దినవి కదా.

సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నేను మల్ల గీయలేను సుగుణా. నాకు గడులు కనవడ్తలెవ్వు" అన్నారు.

 ఇన్నేళ్లుగా ఆయన కళ్లు ఆ అక్షరాల్లోకే పోయాయి. ఇప్పుడు అవీ లేవు, ఇవీ లేవు.

అడగడానికి పోయిన ఊళ్లు

మా ఇంట్లో అప్పుడప్పుడు విత్తన కుప్ప కుళ్లిపోయేది. అప్పుడు నాయిన ఏడ్చుకుంటూ కూర్చునేవాడు కాదు. అంతకుముందు సంవత్సరం మా విత్తనం తీసుకుపోయిన సిరికొండ వాళ్లింటికి పోయి, "మా పసుపు జర ఇయ్యుండ్రి" అని అడిగి తెచ్చేవాడు. దాన్ని ఎవరూ చిన్నతనం అనుకోరు. మా పొలం పసుపే వాళ్ల పొలంలో ఉందని లెక్క. సార్‌కు అదే చెప్పాను.

సార్ ఒప్పుకోలేదు. "ఇచ్చిన చెయ్యి పోయి అడుక్కుంటదా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మా నాయిన అడుగుతడు సార్. ఆయన ఇజ్జత్‌కు ఏం గాలె."

సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. కాదనలేదు కదా అని బస్సెక్కాను.

ముందు కంటి దవాఖాన. అక్కడి ప్రోగ్రామరు తల గోక్కున్నాడు. వాడుకునే ముద్ద ఉంది, సోర్స్ లేదు. బోధన్‌లో, మెట్‌పల్లిలో అదే మాట. డిస్కులో జాగ లేదని అందరూ పచ్చిది పారేసి ఉడికింది ఉంచుకున్నారు. ముద్దలోంచి అక్షరాలు వెనక్కి లాగొచ్చు కదా అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. లాగి చూశాను. చుక్కలు కొన్ని వచ్చాయి. ఏ వత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలో చెప్పే లెక్క మాత్రం రాలేదు. చివరికి సార్ పేరు తీసేసిన నిజామాబాద్ మనిషి దగ్గరికి కూడా పోయాను. ఆయనా పారేశాడు! దొంగిలించినవాడైనా దాచుకోలేదే అని కోపమొచ్చింది.

ఆఖరికి నవీపేట్. రాజేశ్వర్ దగ్గర కూడా లేదు. నేను లేచి వస్తుంటే వాకిలి దాకా వచ్చి నసిగాడు. "మేడం, ఏమనుకోకుంటె ఒక మాట. మీకు చెప్పకుండ గా ఫ్లాపీ కాపీ తీసి, ధర్మాబాద్‌ల మా బామ్మర్దికి ఇచ్చిన."

ఇంకోనాడైతే అతని మీద విరుచుకుపడేదాన్ని. ఆ రోజు దండం పెట్టినంత పని చేశాను.

రైల్లో గోదావరి దాటాను. నది నిండుగా, ఎర్రగా పోతోంది. ధర్మాబాద్ మరాఠీ రాష్ట్రంలోది. మా కండక్టర్లు ఎవరూ పోని ఊరు, మేము ఎన్నడూ ప్యాకెట్ పంపని ఊరు. రాజేశ్వర్ బావమరిది దత్తు బజారులో దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు రాసేవాడు. సంగతి చెప్పగానే కంప్యూటరు తెరిచాడు. తెర మీద మొదటి వరుసలోనే సార్ పేరు. దాని కింద లిఖో. ఆ కింద హటావో. నాకు ఏడుపు ఆగలేదు. దత్తు బెదిరిపోయి మంచినీళ్లు తెప్పించాడు.

ఇంకా కిందికి పోతే నేను ఎరగని ఫైళ్లున్నాయి. మరాఠీ అక్షరాలు! సార్ పద్ధతిలోనే, చుక్కా చుక్కా పేర్చినవి.

"ఇవి మీరు చేసినయా?" అన్నాను.

"నేను కాదు మేడం. నేను ఇచ్చిన కాపీ నాందేడ్ దిక్కు పోయి, ఎన్ని చేతులు మారిందో, గిట్లయి తిరిగొచ్చింది. మంచిగున్నదని ఇదే వాడుకుంటున్న. ఎవరు కలిపిండ్రో నాకు తెల్వది."

మేము కట్టిన మూట మాకు తెలియకుండా నది దాటి, ఇంకో భాషకు అక్షరాలిచ్చి తిరుగుతోంది. అదీ నేను వద్దని పోట్లాడిన సోర్స్ వల్ల. రెండు కాపీలు తీసుకుని వేరువేరు సంచుల్లో పెట్టుకుని ఆర్మూరు చేరాను.

భ

కంపైల్ చేసి నమూనా నడిపాను. ప్రింటరు కదిలింది. నమస్కారం. ఆ తరవాత అక్షరాలన్నీ కొట్టించి కాగితం సార్‌కు ఇచ్చాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి, భూతద్దంతో ఒక్కోటీ చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగిపోయారు.

"గిది నాది కాదు" అన్నారు.

నేను కాగితం మీదికి వంగాను. "ఏది సార్?"

"భ. నా భకు కాలు కనవడకపోతుండె. దీనికి చూడు, ఎంత సాఫ్‌గ కనవడ్తున్నదో."

సోర్స్ తెరిచి, ముద్దలోంచి లాగిన పాత చుక్కలతో పోల్చి చదివి చెప్పాను. పాతదానికీ దీనికీ తేడా ఒక్కటే. కింది గీత కలిసేచోట ఒక చుక్క లేదు.

సార్ భూతద్దాన్ని మళ్లీ ఆ అక్షరం మీద పెట్టారు. తరవాత నవ్వారు. కళ్ల నిండా నీళ్లు. "తీసేసిండు బేటీ! ఇన్నేండ్లు నేను చుక్కలు పెట్టుకుంటనే పోయిన. ఒకటి తీసెయ్యాల్నని నాకు తోచలె. ఎవరో గాయన?"

"తెల్వదు సార్. పేరు పెట్టుకోలె."

"నా పేరు ఉంచిండా?"

"ఉంచిండు."

"గట్లయితె రాయి" అని ఆయన చెప్పగా, సోర్స్‌లో సార్ పేరు కింద ఒక వరుస చేర్చాను. భ దిద్దినవారి పేరు తెలియదు, వారికి మా సలాం. మరాఠీ అక్షరాలతో సహా ఆ ప్రతిని అందరికీ మళ్లీ పంపాం. పారేసినవాళ్లకు కూడా, నిజామాబాద్ మనిషికి కూడా. ఈసారి సోర్స్ ఫ్లాపీని విడిగా, నా చేత్తో నేనే కట్టాను. డబ్బాలో కొమ్ములు వేయలేదు.

తరవాత నేను హైదరాబాద్ వచ్చేశాను. పెద్ద పెద్ద మూటలు కట్టాను. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీరు పంపేది ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు, దాన్ని వాళ్లు మీకంటే బాగా దిద్దవచ్చు. అందుకు దారి మూసి పంపకండి.

సార్‌కు చూపు పూర్తిగా పోయాక ఒకసారి చూడటానికి ఆర్మూరు వెళ్లాను. "భ ఎట్లుంటుండె, మల్లొక్కసారి చూడాల్నని ఉన్నది" అన్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పాత ప్రింటరు ఇంకా పనిచేస్తోంది. ఒక్కో చుక్కను వేలిగోరంత చేసి, కాగితమంతా పట్టేలా భ కొట్టించి తెచ్చాను. ఆ సూదులు గట్టిగా కొడతాయి. కాగితం వెనక చుక్కలు గరుకుగా తేలతాయి. సార్ కాగితాన్ని వెనక్కి తిప్పి ఒడిలో పరుచుకుని, చూపుడువేలితో అక్షరం పొడుగునా నెమ్మదిగా తడుముకుంటూ పోయారు. కింది గీత కలిసేచోట, నున్నగా ఉన్నచోట, వేలు ఆగింది.

"ఈడనే బేటీ" అన్నారు. "ఈడనే తీసిండు."